చెట్టు మీంచి పడ్డ మనిషి

మా మావయ్య గురించి ఊళ్ళో ఒక వేళాకోళం ఉండేది. "యుద్ధమంతా ఓడరేవులో బియ్యం బస్తాలకి కాపలా కాశాడు, ఇంటికొచ్చి సొంత పెరట్లో నడుం విరగ్గొట్టుకున్నాడు" అని. యాభై అయిదేళ్ళుగా అదే మాట. పెళ్ళి భోజనాల దగ్గరా, సావిట్లో పేకాట దగ్గరా ఎవరో ఒకరు అనేవారు. అందరూ నవ్వేవారు. అందరికంటే ముందు మావయ్యే నవ్వేవారు. నేను కోడలిగా వచ్చిన మూడో రోజునే నాకూ చెప్పి నవ్వించారు.

మా సాంగ్‌జు వైపు ఈ మాటని అనుమానించేవాళ్ళు ఉండరు. ఇక్కడ ప్రతి ఇంటికీ గామ్ పండ్ల చెట్లే ఆధారం. కోసినప్పుడు నాలుక పట్టేసే ఆ వగరు పండుని చెక్కు తీసి, చలిగాలికి నలభై యాభై రోజులు వేలాడదీస్తే తీపెక్కుతుంది. కానీ గామ్ కొమ్మని నమ్మకూడదు. పైకి దిట్టంగా కనిపిస్తుంది, కాలు మోపగానే చప్పుడైనా చెయ్యకుండా విరుగుతుంది. ఏటా కోతల్లో ఎవరో ఒకరు పడటం మామూలే. అందుకని కుంటుతున్న మగాణ్ణి చూసి మా వైపు ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు.

ఆ యేడు కోత మొదలైన వారానికే, చెక్కు తీసే మర ముందు కూర్చున్న మావయ్య లేవబోయి లేవలేకపోయారు. మా ఆయన లారీ మీద దక్షిణాదికి పోయి ఉన్నాడు. కూలీల దగ్గర అత్తమ్మ ఉండక తప్పదు. దాంతో ఆయన్ని బస్సెక్కించి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళే పని నా మీద పడింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి, దారి పొడుగునా "ఏం లేదు, వెనక్కి పోదాం పద" అంటూనే ఉన్నారు.

అక్కడ డాక్టరు కుర్రాడు. ఎక్స్‌రే బొమ్మని వెలుతురుకి పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"తాతగారూ, మీ తుంటిలో ఇనుప ముక్కలున్నాయి. మూడు. ఇవెక్కడివి?"

"చెట్టు మీంచి పడ్డాను."

"చెట్టుకి ఇనుము కాయదు కదండీ."

మావయ్య నవ్వారు, ఊళ్ళో నవ్వినట్టే. కానీ చొక్కా బొత్తాలు తప్పు కాజాల్లో పెట్టుకున్నారు. నేనే విప్పి మళ్ళీ పెట్టాను.

బస్సుకింకా గంట టైముంది. కాల్చిన చిలగడదుంపలు కొని ఆయన చేతిలో పెట్టాను. తినలేదు. పొట్లం ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా గోడకేసి చూస్తూ మొదలుపెట్టారు.

"నేను ఏ ఓడరేవులోనూ లేనమ్మాయ్. ఉత్తరాన కొండల మీద ఉన్నాను. నంబరు తప్ప పేరు లేని కొండ. గుండు వచ్చి పక్కన పడింది. ఏడు నెలలు ఆసుపత్రిలో ఉండి, కర్ర పట్టుకుని ఇంటికొచ్చాను. మా అమ్మ నన్ను చూసి ఏడవలేదు. పట్టుపురుగుల గదిలోకి తోసి తలుపేసింది."

"ఎందుకు?"

"ఆ రోజుల సంగతి నీకేం తెలుసు. గాయపడ్డ సిపాయిలంటే జనానికి దడ. చెయ్యి పోయినవాళ్ళు ఇనప కొక్కెం తగిలించుకుని గుంపుగా వచ్చి అంగళ్ళ మీద పడేవాళ్ళు. వాళ్ళకి మాత్రం కూడు ఎవరు పెట్టారులే. కానీ వాళ్ళని చూస్తే తలుపులు మూసుకునేవి. నాదా, నడుం కింద దెబ్బ. పిల్లలు పుట్టరనేవాళ్ళు. మా అమ్మకి నేనొక్కణ్ణే కొడుకుని. నెల రోజులు దాచింది. కోతలొచ్చాయి. ఓ పొద్దున నన్ను పెరట్లో పెద్ద చెట్టు కింద పడుకోబెట్టి, తనే నిచ్చెనెక్కి, కొమ్మ విరిచి నా పక్కన పడేసింది. 'ఇప్పుడు గట్టిగా అరువు' అంది."

నాకు నవ్వు వచ్చింది, వెంటనే సిగ్గేసింది.

"అరిచాను. నిజంగా దెబ్బ తగిలిన రోజు గొంతు రాలేదమ్మాయ్. ఆ చెట్టు కింద మాత్రం ఊరంతా వినేట్టు అరిచాను. ఊరంతా పరిగెత్తుకొచ్చింది. చాంగ్‌గూ వాళ్ళ నాన్న నన్ను వీపు మీద వేసుకున్నాడు. ఒకావిడ కోడిని పట్టుకొచ్చింది, పులుసు పెట్టమని. అంత చేశాక వాళ్ళకేం చెప్పను? రెండేళ్ళు పోయాక మీ అత్తతో పెళ్ళైంది. కష్టపడే పిల్లాడు, చెట్టు మీంచి పడ్డాడు పాపం అని పిల్లనిచ్చారు."

"మరి ఇప్పుడెందుకు మావయ్యా? యాభై అయిదేళ్ళు అయిపోయాయి కదా."

ఆయన పొట్లం తెరిచి, మళ్ళీ మడిచారు.

"తెలిసినవాళ్ళు అందరూ పోయారు. మా అమ్మ పోయింది. నాతో కొండెక్కినవాళ్ళు పోయారు. ఈ మధ్య పొద్దున్నే లేచేసరికి నాకే అనిపిస్తోంది, నేను నిజంగానే చెట్టు మీంచి పడ్డానేమో అని. ఎక్కడో ఒకచోట కాగితం మీద ఉండాలి, పడలేదని. గాయపడ్డ సిపాయిలకి ఓ దరఖాస్తు ఉంటుందట, నువ్వు రాసిపెట్టు. మీ అత్తకి మాత్రం చెప్పకు."

చెప్పకు అన్నారు, నేను సరే అన్నాను. ఆ సరే అనడం ఎంత తప్పో అప్పుడు తెలిస్తే చిలగడదుంపలు అక్కడే పారేసి బస్సెక్కేదాన్ని.

మర్నాడే దరఖాస్తు తెచ్చాను. సైన్యంలో చేరిన తేదీ, విడిచిన తేదీ ఉన్న పాత కాగితం ఒకటి దొరికింది. అందులో గాయం మాటే లేదు. ఆ ఆసుపత్రి దస్తావేజులు ఎప్పుడో తగలబడిపోయాయట. గాయం ఎరిగిన ఇద్దరి చేత హామీ రాయించాలన్న చోట ఖాళీ వదిలేశాను. కింద ఇంకో గడి, 'ఊళ్ళో విచారించదగిన పెద్దమనిషి' అని. అక్కడ చాంగ్‌గూ పేరు రాశాను. పాత ఊరిపెద్ద, సావిట్లో ఎప్పుడూ దొరుకుతాడు, ఏ కాగితం మీదైనా మేం ఆయన పేరే రాస్తాం. చెయ్యి అలవాటున రాసేసింది. మావయ్యని చెట్టు కిందనుంచి మోసుకొచ్చింది ఆయన తండ్రేనన్న సంగతి ముందురోజే విని కూడా రాశాను. నా తెలివి అలా తెల్లారింది.

అది పంపిన దగ్గర్నుంచి మావయ్యకి ఒకచోట కాలు నిలవలేదు. కూర్చుంటే లేస్తారు, లేస్తే మళ్ళీ కూర్చుంటారు. కట్టిన పండ్ల దండలు విప్పి మళ్ళీ కడతారు. పోస్టు మోటారు సైకిలు చప్పుడు ఊరి మొదట్లో వినపడితే చాలు, ఈయన గేటు దగ్గర ప్రత్యక్షం. డాక్టరు నడవొద్దన్నాడని గుర్తుచేస్తే "కూర్చుంటేనే నొప్పి" అనేవారు.

"ఏమైందే ఈయనకి, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు" అంది అత్తమ్మ.

"మందు మార్చారు కదా అత్తమ్మా" అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో.

ఆ మధ్యలోనే చాంద్రమానం లెక్కన తొమ్మిదో నెల తొమ్మిదో రోజు వచ్చింది. చనిపోయిన తేదీ తెలియనివాళ్ళకి మా వైపు ఆ రోజున అన్నం పెడతారు. అత్తమ్మ అన్న యుద్ధం మొదలైన వేసవిలో వెళ్ళి తిరిగి రాలేదు. ఎక్కడ పోయాడో, ఏ రోజు పోయాడో ఎవరూ చెప్పలేదు. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదని అత్తమ్మే వంటింటి మూల చిన్న బల్ల మీద ఓ గిన్నె అన్నం, ఓ గిన్నె పులుసు పెట్టి కాసేపు కూర్చుంటుంది. ఆ రోజు మావయ్య ఎప్పటిలాగే పొద్దున్నే వెళ్ళిపోయారు, కొండవాలున తోటలో పనుందని. అక్కడ పనేమీ లేదు, కోత అయిపోయింది. ఏటా ఇంతే. పెళ్ళాం తరఫువాళ్ళంటే ఆయనకి పట్టదని నేనూ అనుకునేదాన్ని.

ఆ తర్వాత ఓ మధ్యాహ్నం అత్తమ్మ సావిడి నుంచి ఆదరాబాదరా వచ్చింది. మొహం వెలిగిపోతోంది. మావయ్య పండ్లు వేలాడదీసే పందిరి కింద దండలు సర్దుతున్నారు, నేను పండ్లు అందిస్తున్నాను.

"పట్నం నుంచి ఆఫీసరొచ్చాడే అమ్మాయ్! ఎంత మర్యాదస్తుడో, బూట్లు విప్పి మా మధ్య మఠం వేసుక్కూర్చున్నాడు. మీ మావయ్య తుంటి గురించి అడిగాడు. ముసలివాళ్ళకి ఏదో సాయం ఇస్తారేమో. మేం ఊరుకుంటామా, ఉన్నదున్నట్టు చెప్పాం."

"ఏం చెప్పారు?"

"ఇంకేం చెప్తాం, చెట్టు సంగతే. చాంగ్‌గూ అయితే వాళ్ళ నాన్న ఈయన్ని ఎలా మోసుకొచ్చాడో లేచి వంగి నడిచి చూపించాడు. తను వెనకాల చెప్పు పట్టుకుని పరిగెత్తాడట. అందరూ ఒకటే నవ్వు. తర్వాత నన్నడిగాడు. నేను కొమ్మతో సహా చెప్పాను, తూర్పు వైపుది అని. మా అత్తగారు నాకెన్నిసార్లు చూపించిందో! అంతా రాసుకుని, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకున్నాడు. ఇదిగో చూడు."

బొటనవేలు చూపించింది. ఎర్ర సిరా ఇంకా పోలేదు.

నేను మావయ్య వైపు చూడలేకపోయాను. ఆయన చేతిలో దండని కొక్కేనికి తగిలించి, ఊగకుండా అరచేత్తో ఆపారు.

"మంచిపని చేశావు" అన్నారు అత్తమ్మతో.

ఆ సాయంత్రం నుంచి ఆయన గేటు దగ్గరికి వెళ్ళడం మానేశారు.

తర్వాత వాన మొదలైంది. చలికాలం గుమ్మంలో అలాంటి వాన నేనెప్పుడూ చూడలేదు. చల్లగా కూడా లేదు, వెచ్చటి తుంపర, పైన పొగమంచు. పది రోజులు గాలన్నది లేదు. వేలాడే పండ్లు మెత్తబడి, బూజు పట్టి, ఒక్కొక్కటే తొడిమ వదిలి కింద పడటం మొదలుపెట్టాయి. ఉన్న ఫ్యాన్లన్నీ తెచ్చి పెట్టాం. ఏ పని చేస్తున్నా పందిరి వైపు నుంచి ఆ తప్పు తప్పుమనే చప్పుడు వినపడేది. మా ఏడాది కష్టం కళ్ళముందే కుళ్ళిపోతోంది. పులిసిన వాసన బట్టలకి పట్టేసింది.

ఆ రోజు ముగ్గురం పందిరి కింద గంపలు పెట్టుకుని రాలినవి ఏరుతున్నాం. చూస్తుండగానే ఇంకో రెండు పడ్డాయి.

"ఈ చెట్లు మనకి అచ్చిరాలేదు" అంది అత్తమ్మ. "మీ నడుం తీసుకున్నాయి, ఇప్పుడిది."

"చెట్టు నన్నేం చెయ్యలేదు" అన్నారు మావయ్య.

ఆయన చెబుతుంటే నేను తల ఎత్తలేదు. నాకు చెప్పినంత కూడా చెప్పలేదు. కొండ, ఆసుపత్రి, పట్టుపురుగుల గది, అమ్మ విరిచిన కొమ్మ. నాలుగు మాటల్లో అయిపోయింది. అత్తమ్మ చేతులు ఆగలేదు, ఏరుతూనే ఉంది. మంచివీ కుళ్ళినవీ ఒకే గంపలో వేస్తోందని మాత్రం నేను చూశాను.

"అమ్మాయికి తెలుసా?" అంది చివరికి.

"తెలుసు అత్తమ్మా" అన్నాను. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నా వైపు చూడనైనా లేదు.

"పెళ్ళైన మొదటి ఏడు మిమ్మల్ని ఒక్కసారి అడిగాను. గుర్తుందా? మీరు ఉత్తరానికి వెళ్ళారా, మా అన్నలాంటి వాడు కనపడ్డాడా అని. ఏమన్నారు?"

"ఓడరేవులో ఉన్నానన్నాను."

"నేను ఎంతమందిని అడిగానో మీకు తెలుసా? ఉప్పు అమ్మేవాణ్ణి అడిగాను. కొక్కెం చెయ్యివాడు మా గుమ్మంలోకొస్తే మా అమ్మ తలుపేస్తోంది, ఆవిణ్ణి తోసుకుని బయటికెళ్ళి అడిగాను. పద్నాలుగేళ్ళ పిల్లని, వాడి కొక్కెం పట్టుకుని అడిగాను. పెళ్ళయ్యాక తెలిసినవాడు నా పక్కనే పడుకుని ఉన్నాడు, నేను ఊరి మీద పడి అడిగాను." గొంతు ఎక్కడా పెరగలేదు. "చెట్టు మీంచి పడ్డవాణ్ణి ఇంకేం అడుగుతానని ఊరుకున్నాను."

"నేను మీ అన్నని చూడలేదు" అన్నారు మావయ్య.

"చూశారని అన్నానా?"

గంప అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజే తన పక్కబట్టలు మా కూతురు చదువుకునే గదిలోకి మార్చుకుంది.

ఆ తర్వాత ఇంట్లో ఉండటం నా వల్ల కాలేదు. మూడు పూటలా అత్తమ్మ ఆయన ముందు భోజనం బల్ల పెడుతుంది, వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. ఒక్క మాట లేదు. ఆయన సగం తిని చల్లారబెట్టేవారు. లారీ మీంచి దిగిన మా ఆయన సంగతంతా విని, "నన్ను మధ్యలోకి లాగకండి" అని మళ్ళీ లారీ ఎక్కాడు. మగవాళ్ళకి లారీలుంటాయి.

అత్తమ్మ సావిడికి వెళ్ళి అందరి ముందూ చెప్పేసింది. గంట తిరక్కుండా చాంగ్‌గూ గొడుగు కూడా లేకుండా మా వాకిట్లో నిలబడి కేకలు.

"ఏమయ్యా గిమాన్! మా నాన్న ఆ రోజు నిన్ను మోసి నడుం పట్టేసి పదిహేను రోజులు లేవలేదయ్యా! నీ చెప్పు నేను మోశాను! ఆఫీసరు ముందు కోతిలా వంగి నడిచి చూపించాను! ఊరందరినీ వెధవల్ని చేశావు కదయ్యా!"

"చేశాను" అన్నారు మావయ్య, అరుగు మీద నిలబడి. "క్షమించు."

ఆ మాటతో చాంగ్‌గూ కేకలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మొహం మీది వాన నీళ్ళు తుడుచుకున్నాడు.

"నిజంగానే ఇనుముందా లోపల?"

"మూడు ముక్కలు."

"అయితే మా నాన్న మోసింది సిపాయిని" అన్నాడు, తనలో తనే అనుకున్నట్టు. లోపలికి రమ్మంటే రాలేదు. వెళ్ళిపోతూ గేటు దగ్గర ఆగి, ఆఫీసుకి వస్తానని, ఎప్పుడో చెప్పమని నాతో అన్నాడు.

కానీ చాంగ్‌గూ కంటే ముందు అత్తమ్మే బయల్దేరింది. వాన వెలిసిన రోజు పొద్దున, బీరువాలోంచి పెళ్ళిళ్ళకి కట్టుకునే దుస్తులు తీస్తూ, "పట్నం బస్సు ఎన్నింటికి?" అంది.

"ఎందుకత్తమ్మా?"

"నా వేలిముద్ర అబద్ధం మీద ఉంది. తీసేయించుకోవాలి. ఆయన్నీ రమ్మను, ఆయనదే కదా గొడవంతా."

క్షమించిందనుకుని సంబరపడబోయాను. మొహం చూసి మానుకున్నాను.

ఆఫీసులో ఆ ఆఫీసరే. మమ్మల్ని చూసి లేచి కుర్చీలు వేశాడు. అత్తమ్మ కుర్చీ అంచున కూర్చుని, వచ్చిన పని చెప్పింది.

"ఇచ్చిన వాంగ్మూలం తీసెయ్యడం కుదరదు మామ్మగారూ. కావాలంటే ఇంకోటి రాసి దానికి కలపొచ్చు" అన్నాడు. "మీ వారికి యుద్ధంలో గాయం తగలడం మీరు చూశారా?"

"లేదు."

"చూడనిదాన్ని ఎలా..."

"చెట్టు మీంచి పడటం చూశానా? అదీ చూడలేదు. నేను ఈ ఇంటికొచ్చింది ఆ తర్వాత. అది మాత్రం అడక్కుండానే రాసుకున్నావు కదా నాయనా."

ఆఫీసరు కలం కింద పెట్టాడు. పక్క బల్ల దగ్గరమ్మాయి మొహం పక్కకి తిప్పుకుంది, నవ్వు ఆపుకోవడానికి.

"సరే. మరి ఇప్పుడు దేన్నిబట్టి చెబుతున్నారు?"

అత్తమ్మ ఒళ్ళో చేతులు చూసుకుంది. మావయ్య పక్క కుర్చీలో, నొప్పి కాలు చాపుకుని, నేలకేసి చూస్తున్నారు.

"మా అన్న యుద్ధానికి వెళ్ళి రాలేదు బాబూ. ఏటా తొమ్మిదో నెలలో వాడికి గిన్నెడు అన్నం పెడతాను. ఈయన ఆ రోజు ఇంట్లో ఉండరు. యాభై రెండేళ్ళలో ఒక్కసారీ లేరు. జ్వరంతో ఉన్నా లేచి వెళ్ళేవారు. మావాళ్ళంటే లెక్కలేదని లోపల్లోపల ఎంత తిట్టుకున్నానో. మొన్న ఆ సంగతి తెలిశాక పండ్లు ఏరుతూ ఒక్కో ఏడూ గుర్తుచేసుకున్నాను. చెట్టు మీంచి పడ్డవాడు అన్నం గిన్నెకి భయపడడు."

"ఇది రుజువు కింద..." అని మొదలుపెట్టి, ఆఫీసరు ఆగిపోయాడు. కలం తీసుకున్నాడు. "నెమ్మదిగా చెప్పండి, రాస్తాను."

రాయడం అయ్యాక నియమం ప్రకారం పైకి చదివాడు. అన్న సంగతి, అన్నం గిన్నె సంగతి చదివాడు. చివరికి ఇలా ఉంది: "తాక్ గిమాన్ చెట్టు మీంచి పడలేదు. యుద్ధంలో గాయపడ్డాడు. అతని భార్యనైన నేను ఈ సంగతి ఎరిగి చెబుతున్నాను."

"ఇంకోసారి చదవండి" అన్నారు మావయ్య.

"అంతానా అండీ?"

"ఆఖరిది."

ఆఫీసరు మళ్ళీ చదివాడు. మావయ్య వింటూ తల ఊపారు, ఎవరి గురించో విన్నట్టు. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే నేను గోడ మీద క్యాలెండరు చూశాను. అత్తమ్మ బొటనవేలు సిరాలో అద్ది, గట్టిగా నొక్కి ముద్ర వేసింది.

తర్వాత వచ్చిన జవాబేమిటో ఇక్కడే చెప్పేస్తాను. కొత్త సంవత్సరం వెళ్ళాక ఉత్తరం వచ్చింది. ఒంట్లో ఇనుము ఉన్న మాట నిజమే కానీ అది ఎప్పుడు, ఎలా చేరిందో దస్తావేజు లేదు, యుద్ధం అయ్యాక పేలని గుండ్లు పగలగొట్టి ఇనుము ఏరుకుంటూ దెబ్బతిన్నవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు, కాబట్టి కుదరదు అని. చాంగ్‌గూ వెళ్ళి ఇచ్చిన వాంగ్మూలం కూడా పనికి రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. మావయ్య మాత్రం ఒకటే అడగమన్నారు, అత్తమ్మ చెప్పిన కాగితం దస్త్రంలో ఉంటుందా, పారేస్తారా అని. ఫోన్ చేసి అడిగాను. ఉంటుందన్నారు. "అయితే సరే" అని ఎండిన మిగతా పండ్లు చూసుకోవడానికి వెళ్ళిపోయారు.

కానీ ఆ చలికాలం అనగానే నాకు ఆ ఉత్తరం గుర్తుకు రాదు, ఆఫీసు నుంచి తిరిగొచ్చిన బస్సు గుర్తొస్తుంది.

బస్సులో పెద్దగా జనం లేరు. అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుంది. వేరే సీటుకి పోతుందనుకున్నాను, పోలేదు. మావయ్య ఆమె పక్కన, తుంటి మడవలేక, కాళ్ళు నడవలోకి చాపి, ఆమెకి వీపు పెట్టి ఓరగా కూర్చున్నారు. నేను వెనక సీట్లో. పట్నం దాటాం. పొలాలు దాటాం. ఇద్దరూ మాట్లాడుకుని అయిదు రోజులైంది.

"అక్కడ చలి ఎక్కువా?" అంది అత్తమ్మ, కిటికీలోంచి చూస్తూనే.

మావయ్యకి తననే అడిగిందని అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఎక్కువే."

"మా అన్న ఆగస్టులో వెళ్ళాడు. ఒంటి మీద పల్చటి నార చొక్కా."

"దూది కోట్లు ఇచ్చారు. ఆలస్యంగా ఇచ్చారు, కానీ ఇచ్చారు."

"ఇచ్చేదాకా?"

"ఇద్దరిద్దరం వీపులు ఆనించుకుని కూర్చునేవాళ్ళం. వీపుకి వీపు తగిలితే కాస్త వెచ్చగా ఉండేది."

"తెలిసినవాళ్ళతోనా?"

"ఎవరు దొరికితే వాళ్ళతో. పేరు కూడా అడిగేవాళ్ళం కాదు."

అత్తమ్మ కిటికీ అద్దం మీది ఆవిరి తుడిచింది.

"అయితే వాడికీ ఎవరో ఒకరు ఉండి ఉంటారు."

"ఉంటారు."

"నిజమేనా? ఇది కూడా ఓడరేవు కబురేనా?"

"నిజం" అన్నారు మావయ్య. ఆ తర్వాత గొంతు సవరించుకుని, నేను వినడానికి ముందుకి వంగాల్సినంత నెమ్మదిగా అన్నారు. "నాకు వీపు ఆనించి కూర్చున్న కుర్రాడు ఓ పొద్దున లేవలేదు. నేను లేచాక పక్కకి ఒరిగిపోయాడు. అప్పటిదాకా నాకు తెలియలేదు."

"వాడిది ఏ ఊరు?"

"అడగలేదు."

 అత్తమ్మ సీట్లో కదిలి, పూర్తిగా కిటికీ వైపు తిరిగింది. మళ్ళీ కోపమొచ్చిందనుకున్నాను. తర్వాత కొంచెం కొంచెంగా వెనక్కి ఒరిగి, తన వీపు ఆయన వీపుకి ఆనించింది. మావయ్య ఉలిక్కిపడి, నిటారుగా అయ్యారు. ఆ తర్వాత ఆయన కూడా బరువు వదిలారు. మా ఊరి మలుపు వచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.